సున్నా సీసా

సరస్సు ఒడ్డు, పరిశోధన కేంద్రం
వానలకు ముందు

అక్కా,

చేరాను. క్షేమం. ఇంతటితో ఆపేస్తే ఈ ఉత్తరం ఎవరో దొంగ రాశాడంటావు. కాబట్టి మొదటినుంచీ చెబుతాను, విను.

వ్యాను దిగేసరికి నా నడుం నా మాట వినడం మానేసింది. దారి పొడుగునా నా కబుర్లు విన్న డ్రైవరు, ఊరు కనిపించగానే దండం పెట్టినంత పనిచేసి, "అమ్మా, మీకు దాహం కూడా వెయ్యదా?" అన్నాడు. మీ ఆయనే నయం, టీవీ సౌండు పెంచి ఊరుకుంటారు.

కేంద్రమంటే ఏదో మేడ అనుకునేవు. పాత పడవల షెడ్డు. రేకుల కప్పు, రెండు గదులు, ఒక జనరేటరు, నమూనాలు దాచే ఫ్రిజ్, ఆఫీసు బల్ల మీద ఒక టెలిఫోను. సెల్లు ఇక్కడ టార్చిలైటుగా తప్ప పనికిరాదు. అందుకే నమూనాల పెట్టె వారం వారం నీ ల్యాబుకి బయల్దేరినప్పుడల్లా, మూతకి లోపలివైపు కవరు అంటించి ఉత్తరం పంపుతాను. ఖాళీ పెట్టె తిరిగొచ్చేటప్పుడు నువ్వూ అలాగే పంపు. ఐసు మీద ప్రయాణం చేసొస్తుంది కాబట్టి నీ తిట్లు కూడా చల్లగానే అందుతాయి.

మూడు యూనివర్సిటీలు చేతులు కలిపిన రోజు వేదిక మీద ఆ పెద్దాయన ఏమన్నాడో గుర్తుందా? మనిషికీ పశువుకీ నీటికీ జ్వరం ఒకచోటినుంచే వస్తుంది, అందుకని ముగ్గురి నాడీ ఒకే వైద్యుడు చూడాలన్నాడు. వెనకాల అన్ని దేశాల జెండాలు. ఇక్కడికొస్తే ఆ ఒకే వైద్యుణ్ణి నేనే. పశువులకి నేను. మనుషుల రక్తం తియ్యడానికి పక్కూరి నర్సు వస్తుంది, ఆవిడ రానిరోజు అదీ నేనే. గేదె మెడలో సూది గుచ్చినదానికి మనిషి చెయ్యి ఓ లెక్కా? సరస్సుకి మాత్రం వేరే ఆయనున్నాడు. పొద్దున్నే పడవేసుకుని వెళ్ళి సీసాల్లో నీళ్ళు నింపుకొస్తాడు. నీళ్ళాయన అని పేరు పెట్టాను. ఆయనకీ మాటలంటే ఇష్టమే, బతికాను.

ఇక జబ్బు సంగతి. కాగితాల మీద దానికేదో బారెడు పేరు రాశారు. నేను చూసింది చెబుతాను. ఇక్కడ కుక్కలు మొరగవు. కేంద్రం కుక్క పేరు కంచు. ఒకప్పుడు దాని గొంతు అవతలి ఒడ్డుదాకా వినిపించేదట. నేను గేటు తీసుకుని లోపలికొస్తే లేచి, తోక ఊపి, నోరు తెరిచింది. నోరు తెరవడం, మూయడం. మొరిగినట్టే ఉంది, చప్పుడొకటే లేదు. జ్వరం లేదు, తిండి మానలేదు, ఏదీ చావడం లేదు. ముందు కప్పలట, తరవాత కోళ్ళట, ఇప్పుడు కుక్కలు.

నీకొచ్చే సీసాల మీద అంకె తప్ప ఏమీ ఉండదు. ఏది మనిషిదో ఏది గొడ్డుదో నీకు తెలియకూడదని మూడు యూనివర్సిటీల పట్టుదల. పక్షపాతం రాకూడదట. ఒక్క సున్నా అంకె సీసా మాత్రం ఎవరిదో నీకు ముందే చెప్పేస్తున్నాను, నాది. ఇక్కడి గాలి పీలుస్తూ, ఇక్కడి నీళ్ళు తాగుతూ, జబ్బులేని కొత్త మనిషి రక్తం కావాలన్నారు. మిగతావన్నీ నాతోనే పోల్చాలి. జీవితంలో మొదటిసారి నన్ను ఆరోగ్యానికి కొలబద్ద చేశారు. బావకి చెప్పు, కుళ్ళుకుంటారు.

నీ వసపిట్ట

తా.క. నా గళ్ళ దుప్పటి మీ ఇంట్లోనే మర్చిపోయాను. పంపకు, బావ కప్పుకుంటారు.
తా.క. రెండోది: సాయంత్రం ఇక్కడ ఎంత నిశ్శబ్దమంటే నా గడియారం నాకే విసుగ్గా ఉంది. అందుకని పాటలు పాడుకుంటున్నాను.
తా.క. మూడోది ఏదో ఉంది, మర్చిపోయాను.


ల్యాబు, మూడో అంతస్తు

వసపిట్టా,

నీ ఉత్తరం చదవడానికి నాకు కాఫీ రెండుసార్లు వేడిచేసుకోవాల్సి వచ్చింది. "మీ చెల్లెలు వెళ్ళాక మన ఇంట్లో గోడలు కూడా విశ్రాంతి తీసుకుంటున్నాయి" అంటున్నారు మీ బావ. అంటూనే నీ కుర్చీ వైపు చూస్తున్నారు. ఆ దుప్పటి కూడా కప్పుకుంటున్నారు.

మొదటి పెట్టె పరీక్ష చేశాం. రక్తం పేరుకున్నాక పైన తేలే ఆ ఎండుగడ్డి రంగు నీటిలో మందు చుక్క వేస్తే, జబ్బు ఉన్న సీసా నీలంగా మారుతుంది. ముదురు నీలమైతే జబ్బు ముదిరిందని. సున్నా సీసా రంగు ఎంతుందో మిషను అంత తీసేసి మిగిలింది అంకెగా చూపిస్తుంది. ఈ వారం నీ సీసా గాజులా తెల్లగా ఉంది. మిగతావాటిలో సగానికి పైగా నీలం. వచ్చేవారం నుంచి రంగు చూడటం కూడా మిషను పనే, మాకు అంకెలే వస్తాయి. ఇదేదో నరాలకి సంబంధించిందని మా అనుమానం. గాలిలోంచి వస్తుందో నీటిలోంచో తెలియదు.

కాబట్టి నీళ్ళు కాచి తాగు. సూది పట్టినప్పుడు మాస్కు తియ్యకు. "ఉక్కగా ఉంది అక్కా" అంటావు, తెలుసు. ఉండనీ. నీ నోట్లో నువ్వుగింజ నానదు, ఏదైనా నలతగా ఉంటే నాతో చెప్పకుండా ఉండలేవన్న ధైర్యంతోనే నిన్ను అంతదూరం పంపాను.

పాటల సంగతి కంచుని అడగాలి. పాపం అది నోరు మూసుకున్నది నీ పాట విన్నాకే అయుండదు కదా?

అక్క


సరస్సు ఒడ్డు
వానలు పట్టాక

అక్కా,

నీకు నవ్వులాటగా ఉంది. రెండు సంగతులు చెబుతాను, ఆ తరవాత నవ్వు.

ఇక్కడ మాకు పాలు పోసే ఆవిడ ఉంది. మనిషి గట్టిది, నోరూ గట్టిదే. వాళ్ళ ఆవు దూడని మొన్న వేరే ఊరివాళ్ళకి అమ్మేశారు. దూడని తోలుకెళ్తుంటే ఆవు తాడు తెంపుకునేంత గుంజుకుంది. మెడ చాచి, నోరు తెరిచి, డొక్కలు ఎగిరేలా అరిచింది. అరిచిందని నేనంటున్నాను గానీ, పక్కనే నిలబడ్డ నాకు దాని గిట్టలు బురదలో పడే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. దూడ కూడా వెనక్కి తిరిగి నోరు తెరిచింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో దూడ కోసం ఏడ్చే ఆవుల్ని ఎన్నిటిని చూశాను! ఆ ఏడుపు వినలేక చెవులు మూసుకునేదాన్ని. వినపడని ఏడుపు ఇంకా ఘోరంగా ఉందక్కా.

రెండోది ఇవాళ పొద్దున. పాలావిడ గిన్నెలో పాలు పోస్తూ నావైపు చూసి పెదవులు కదిపింది. "ఏమన్నావమ్మా?" అన్నాను. మళ్ళీ కదిపింది. "వినపడలేదు, గట్టిగా చెప్పు" అన్నాను. ఆవిడకి కోపమొచ్చింది. కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి ఊపుతూ చాలాసేపు నన్ను చెడామడా తిట్టింది. ఒక్క శబ్దం కూడా లేదు. తిట్టడం అయిపోయాక, తన బాకీ తీరినట్టు చెంబు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పుడర్థమైంది. ఆవిడ మాట్లాడుతున్నాననే అనుకుంటోంది. తన గొంతు తనకి వినిపిస్తూనే ఉంది.

తరవాత బడికి వెళ్ళాను. టీచరు బోర్డు ముందు నిలబడి పాఠం చెబుతోంది, పెదవులతో. పిల్లలు తలలూపుతున్నారు. వాళ్ళూ బదులు చెబుతున్నారు. కిటికీ దగ్గర నిలబడ్డ నాకు సుద్దముక్క గీరుకునే చప్పుడు మాత్రం వినిపించింది. నన్ను చూసి నమస్కారం పెట్టారు. నేను గట్టిగా "నమస్కారం!" అంటే, చప్పుడు చేసినందుకు నాకే సిగ్గేసింది.

వాళ్ళెవరికీ బాధ లేదు. అది నాకు భయంగా ఉంది. మధ్యాహ్నం పని అయ్యాక వచ్చి ఒడ్డున కూర్చుంటారు, సరస్సు వైపు తిరిగి. పశువులూ అక్కడే పడుకుంటాయి. మొహాలు చూస్తే హాయిగా నిద్రలేచినట్టు ఉంటాయి.

నేను పాడుకుంటూనే ఉన్నాను. నీళ్ళాయన నా పాటకి తాళం వేస్తాడు, అప్పుడప్పుడు.

వసపిట్ట

తా.క. నీళ్ళు కాచే తాగుతున్నాను. పాలావిడ పాలు మాత్రం మొదటివారం పచ్చివే తాగేశాను, ఎప్పటి అలవాటో. తిట్టకు.


ల్యాబు, మూడో అంతస్తు

వసపిట్టా,

పచ్చిపాలు తాగిన పశువైద్యురాలిని నిన్నే చూశాను. వచ్చాక చెబుతాను నీ పని.

కానీ ఇవాళ తిట్టే మూడ్‌లో లేను. శుభవార్త. అంకెలు తగ్గుతున్నాయి! పోయిన పెట్టెలో కొంచెం, ఈ పెట్టెలో బాగా. అసలు నమ్మబుద్ధి కాక మళ్ళీ చేయించాను. అదే ఫలితం. జబ్బు దానంతట అదే వెనక్కి పోతోందే. ఫలితాలు మూడు యూనివర్సిటీలకీ పంపితే, ఎవరికి వాళ్ళు తమ గొప్పేనని అభినందనలు చెప్పుకున్నారు. సముద్రాల అవతలివాళ్ళు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారట.

వానలు తగ్గగానే నిన్ను వెనక్కి పిలుస్తామన్నారు కదా. ఇప్పుడు, జబ్బు పోయేదాకా ఉండి చూస్తే చరిత్రలో నిలిచిపోతుందంటున్నారు. ప్రమాదం లేదని ల్యాబు తరఫున ఎవరో ఒకరు సంతకం పెట్టాలి. నేనే పెట్టాను. నీ ఉత్తరం చదివి భయపడ్డ మాట నిజమే, కానీ ఉత్తరాలకంటే అంకెలనే నమ్మాలని కదా నీకు నేనే నేర్పింది.

మరోమాట. నిన్న మీ కేంద్రం నంబరు నుంచి ఇంటికి ఫోనొచ్చింది. ఎత్తి హలో హలో అన్నాను. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. చాలాసేపు చూసి పెట్టేశాను. ఎవరక్కడ ఫోనుతో ఆడుకుంటున్నారు?

అక్క


సరస్సు ఒడ్డు

అక్కా,

ఫోను చేసింది నేనే. ఎంతసేపు మాట్లాడుకున్నాం! దూడ సంగతి మళ్ళీ చెప్పాను, చిన్నప్పుడు నువ్వు నా జడ కుర్చీకి కట్టేసిన సంగతి చెప్పి నవ్వాను. నువ్వు మధ్యమధ్య హలో హలో అంటున్నావు. లైను బాగాలేదనుకున్నాను. నువ్వు పెట్టేశాక కూడా మనసు తేలిగ్గా ఉండింది.

అంకెలు తగ్గాయంటే సంతోషం. ఇక్కడ అలా కనిపించడం లేదు మరి. నీళ్ళాయన మాటలు ఆగిపోయాయి. నర్సు వచ్చినా మాట్లాడదు. ఇప్పుడు అందరం ఒకేలా ఉన్నాం కాబట్టి పని సులువుగా ఉంది. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు.

పాడటం మానేశాను. అవసరం కనపడలేదు. ఇక్కడ ప్రశాంతంగా ఉంది.

సీసాలు జాగ్రత్త.

చెల్లి


ల్యాబు, మూడో అంతస్తు

వసపిట్టా,

కింద "చెల్లి" అని సంతకం పెట్టావు. తా.క. లేదు. ఒకటి కూడా లేదు. నీ ఉత్తరం మీ బావకి చూపిస్తే చదివి, మడతపెట్టి, "ఇది మన పిల్ల రాసింది కాదు" అన్నారు. చేతిరాత నీదే. అదే నాకు నిద్రపట్టనివ్వడం లేదు.

ఫోనులో నువ్వు మాట్లాడలేదే. దేవుడి మీద ఒట్టు, ఒక్క మాట వినపడలేదు.

ఇంకా ఉంది. ఈసారి పెట్టెని దారిలో ఎక్కడో ఎత్తి పడేసినట్టున్నారు, నీ సున్నా సీసా పగిలి వచ్చింది, ముక్కలు ఏరుతుంటే నా వేలు కూడా తెగింది. పరీక్ష ఆపడం ఇష్టంలేక నా చేతిలోంచి రక్తం తీసి దాన్నే సున్నాగా పెట్టాను. అంకెలు చూసి మిషను పాడైందనుకున్నాను. అన్నీ ఆకాశంలో ఉన్నాయి. తగ్గడమేమిటి, జబ్బులేని సీసా ఒక్కటి కూడా లేదు.

అప్పుడు చలిపెట్టె తెరిచి, మొదటినుంచీ నువ్వు పంపిన సున్నా సీసాలన్నీ వరసగా బయటపెట్టి మందు వేశాను. మొదటిది గాజులా తెల్లన. దాని తరవాతది లేతగా, ఆ తరవాతది ఇంకొంచెం. చివరిది సిరా.

జబ్బు తగ్గలేదే. నీలో పెరిగింది. ప్రతి వారం అందరి జబ్బులోంచీ నీ జబ్బుని తీసేసి, మిగిలింది చూసి మేం చప్పట్లు కొట్టాం. చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. వచ్చినరోజు నువ్వు బయటి మనిషివే. ఆ తరవాత అక్కడి నీళ్ళు, అక్కడి పాలు తాగినదానివి ఇంకా బయటి మనిషివి ఎలా అవుతావని మూడు యూనివర్సిటీల్లో ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. అక్కని కదా, నాకన్నా తట్టాలి కదా. పైగా ప్రమాదం లేదని సంతకం పెట్టాను.

అందరికీ రాశాను. ఇక్కడి ఆసుపత్రిలో గది సిద్ధంగా ఉంది. తొందరగా మొదలుపెడితే నరాలు కోలుకునే మందు ఉందని మా పెద్ద డాక్టరు అంటున్నాడు, ఆలస్యమైతే చెప్పలేనన్నాడు. ఈ ఉత్తరం తెచ్చిన వ్యానులోనే ఎక్కి వచ్చెయ్యి. సామాను వదిలెయ్యి. పెట్టె వదిలెయ్యి. నువ్వు రా.

అక్క


సరస్సు ఒడ్డు

అక్కా,

ఉత్తరం అందింది. వ్యాను వచ్చింది. డ్రైవరు నన్ను చూసి చాలా మాటలు చెప్పాడు. చాలా చప్పుడు చేస్తాడు. చెయ్యి ఊపాను. వ్యాను వెళ్ళిపోయింది.

సున్నా సీసా సంగతి నాకు అనిపించింది, చాలా రోజుల కిందే. చెప్పాలని ఉండలేదు. బాధేమీ లేదు. కంచు నా పక్కనే ఉంది. నీళ్ళు నిండాయి.

చెల్లి


ల్యాబు, మూడో అంతస్తు
వానలు తగ్గుముఖం పట్టాక

నా వసపిట్టా,

నీ చివరి ఉత్తరం అందిన రోజే వరదకి వంతెన కొట్టుకుపోయి ఇన్నాళ్ళూ పెట్టె కదల్లేదు, నేనూ కదల్లేదు. ఆ ఉత్తరమే రోజూ చదువుతున్నాను. అనిపించిందా నీకు? అనిపించి కూడా చెప్పలేదా? నోట్లో నువ్వుగింజ నాననిదానివి!

వంతెన మీద చెక్కలు వేశారట. ఈ ఉత్తరం తెచ్చే పెట్టె నిండి తిరిగొచ్చాక, తరవాతి పెట్టెతోబాటు నేనూ వస్తున్నాను. నా వెనకే రెండు రోజుల్లో ఆసుపత్రి బండి వస్తుంది. నిన్ను ఎత్తుకునైనా తీసుకొస్తాను.

ఇక్కడంతా ఎప్పట్లాగే ఉంది. ల్యాబులో పిల్లలు ఈమధ్య బాగా నేర్చుకున్నారు, నేను అరిచి చెప్పినా తలెత్తి చూడరు. వెళ్ళి భుజం తట్టాల్సి వస్తోంది. మీ బావకి చెవుడు మొదలైనట్టుంది, ఎదురుగా కూర్చుని ఏదైనా చెబితే, చెప్పడం అయ్యేదాకా నా మొహమే చూస్తారు. వయసు. ఇదివరకైతే గొంతు చించుకునేదాన్ని. ఇప్పుడు పోనీలే అనిపిస్తోంది. ఇల్లు ప్రశాంతంగానే ఉంది.

నువ్వు మాత్రం నా కోసం కొంచెం చప్పుడు చేస్తూ ఉండు. గిన్నె మీద గరిటె అయినా కొట్టు.

అక్క


సరస్సు ఒడ్డు, నీ ఎదుటి కుర్చీ

నా తల్లీ,

ఒకే గదిలో కూర్చుని ఉత్తరం రాయడం నాకే నవ్వొస్తోంది. ఏం చెయ్యను, నిన్న సాయంత్రం వచ్చినప్పటినుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నాను, నువ్వు నన్ను చూస్తూ చిన్నగా నవ్వుతావు, అంతే. నీ జడ కుర్చీకి కట్టిన సంగతి చెప్పాను. అమ్మ నిన్ను వసపిట్ట అని మొదటిసారి పిలిచిన రోజు చెప్పాను, పొరుగావిడతో రహస్యాలన్నీ వాగేసినందుకు. తిట్టాను కూడా. నువ్వు లేచి వెళ్ళి నా కోసం నీళ్ళు కాచి తెచ్చావు. నా అలవాటు గుర్తున్నందుకు ఏడుపొచ్చింది.

కంచుని చూస్తే జాలేస్తోంది. ఇంతసేపు పేరు పెట్టి పిలిచినా చెవైనా కదపలేదు. గొంతుతోబాటు చెవులు కూడా పోయాయేమో దానికి. దారిలో డ్రైవరు కూడా అంతే. నేనేదైనా అడిగితే అద్దంలోంచి చూసి "ఏమన్నారమ్మా?" అంటాడు. మళ్ళీ చెబితే మళ్ళీ అదే. చివరికి పాపం ఊరుకున్నాడు. ఆ ఇంజను మోతలో ఎవరికి వినపడుతుంది?

బయల్దేరేముందు మీ బావకి అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాను, మందులెక్కడున్నాయో, గ్యాసు ఎలా కట్టాలో. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని, "ఏదైనా ఒక్కమాట మాట్లాడవే" అన్నారు. కళ్ళనిండా నీళ్ళు. ఇన్నేళ్ళ కాపురంలో నేను ఊరెళ్తుంటే ఆయన అలా అవడం చూడలేదు. నీ మీద బెంగ.

ఒక ఆశ ఉంది. నీ సీసా పగిలిన దగ్గర్నుంచీ, వానల్లో మీ ఫ్రిజ్‌లో దాచి పోయిన పెట్టెలో పంపినవాటితో సహా, నా రక్తాన్నే సున్నాగా పెట్టి చేస్తున్నాం కదా. నేను బయల్దేరేముందు ల్యాబులో పిల్ల చీటీ రాసిచ్చింది, అంకెలు మళ్ళీ తగ్గుతున్నాయట. ఈసారి నిజంగానే తగ్గుతున్నాయేమోనే! ఇదంతా మనని దాటి వెళ్ళిపోతుందేమో.

రేపు పొద్దున బండి వస్తుంది. నువ్వు లోపల ఎక్కడో ఉన్నావని నాకు తెలుసు. ఒక్కటే అడుగుతున్నాను. ఈ కాగితం కింద ఏదైనా రాయి. పొడుగ్గా వద్దు. ఒక్క తా.క. రాయి చాలు, నా చెల్లెలు ఇంకా నాకు దక్కుతుందని నమ్ముతాను. పెన్ను నీ చేతి దగ్గరే పెట్టాను.

అక్క


అదే గది, కిటికీ దగ్గర

అక్కా,

నువ్వు వచ్చావు. బాగుంది. కంచుకి చెవులు పోలేదు. ఇందాక చెంచా కిందపడితే ఉలిక్కిపడింది. రేపు బండి వస్తే ఎక్కుతాను, నువ్వు కూడా ఎక్కుతానంటే.

నీ వసపిట్ట

తా.క. అడిగావుగా, ఇదిగో. ఎన్నాళ్ళ తరవాతో ఇవాళ నాకు భయం వేసింది. నిన్న సాయంత్రం నుంచీ నీ పెదవులు కదులుతూనే ఉన్నాయక్కా. ఒక్క మాట కూడా బయటికి రాలేదు.